చల్లారిన పెండలం

సోమవారం పొద్దున్న చర్చి హాల్లో ఆడవాళ్ళంతా లూపే మొగుడి కోసం ఏడ్చారు. సరిగ్గా ఆ వేళకి లూపే మొగుడు సాతెకి తన పెండలం తోటలో గట్టు మీద కూర్చుని, ఆవిడ కట్టిచ్చిన చేమాకు పొట్లం విప్పుకు తింటున్నాడు. ఆయనకి ఏ లోటూ లేదు. వానాకాలంలో కాస్త మోకాలు పట్టేస్తుంది, అంతే.

ఏడిపించింది పుస్తకం. నారబట్ట అతికే పనికి కూర్చున్నప్పుడు ఎవరో ఒకరు పాటో, ఊళ్ళో సంగతో ఎత్తుకోవడం మామూలే. ఈసారి పోయిన వారం నించీ బడిపంతులమ్మ ఆకెసా పుస్తకం తెచ్చి కూర్చుంటోంది. పొడుగాటి బల్లకి అటూ ఇటూ ఆడవాళ్ళు చేరి, బల్ల మీద అచ్చులు కట్టి, వాటి మీద కొట్టి పలచన చేసిన బెరడు పరిచి, సగం ఉడికిన కర్రపెండలం దుంపతో రుద్ది, ఆ జిగురు మీద రెండో పొర అడ్డంగా వేసి, రంగులో ముంచిన గుడ్డతో అదిమి తోముతుంటే, ఆకెసా బల్ల చివర కాళ్ళు మడుచుకుని కూర్చుని చదువుతోంది. పుస్తకం పేరు ‘మగపిల్లల గుడిసె’. రాసింది లూపే ఆడబిడ్డ తెలేసియా.

రెండేళ్ళ కిందట అది ఇంగ్లీషులో వచ్చినప్పుడు ఊళ్ళో ఎవరికీ ఏ ఇబ్బందీ లేకపోయింది. ఇంటికొకటి కొనుక్కుని, రేడియో పక్కన నిలబెట్టి, మా ఊరి పిల్ల రాసిందని వచ్చిన చుట్టాలకల్లా చూపించుకున్నారు. పోయిన నెల అదే పుస్తకం టోంగా దీవుల మాటల్లో అచ్చయి, తెలేసియా ఉండే ఆక్లండ్ నించి అట్టపెట్టెల్లో దిగింది. అందరూ చదివారు. అక్కణ్ణించి గొడవ మొదలైంది.

కథ పెద్దదేం కాదు. ఒక అక్క, ఒక తమ్ముడు. ఒకే నారబట్ట కప్పుకుని పడుకుంటారు, ఒకే చిప్పలో తింటారు. తమ్ముడు కాస్త ఎదగగానే తండ్రి వాడి చాప చుట్టి, పెరట్లో మగపిల్లలు పడుకునే గుడిసెకి పంపేస్తాడు. ఎవరింట్లో అయినా అంతే కదా. ఆ రోజు నించి ఇద్దరి మధ్యా మర్యాద వచ్చి కూర్చుంటుంది. ఒక గదిలో కూర్చోరు, ఒక పరాచికం ఆడుకోరు. మొదటి రాత్రి తమ్ముడు గుడిసెలో తెల్లవార్లూ ఏడుస్తాడు. అక్క పెద్దమనిషి అవుతుంది, ఒక కుర్రాణ్ణి ఇష్టపడుతుంది, అన్నీ వాడికి తెలియకుండానే. ఇద్దర్నీ చదివించే స్తోమత ఇంట్లో లేక తమ్ముడు బడి మానేసి తోటలోకి దిగుతాడు, అక్క విమానం ఎక్కుతుంది. ఆఖరి అధ్యాయంలో నడివయసు తమ్ముడు ఆ పాత గుడిసెలోనే, పెళ్ళీ పెటాకులూ లేకుండా, పొద్దుగూకే వేళ చల్లారిన పెండలం ముక్క కొరుక్కుంటూ సముద్రం వైపు చూస్తూ ఉంటాడు.

పుస్తకంలో వాళ్ళ పేర్లు వేరే. కానీ ఆ తండ్రి కుంటినడక, ఆ మామిడి చెట్టు, చర్చి వెనకాల ఆ ఇల్లు చూశాక ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

“పాపం, వేడివేడిగా ఇంత పెట్టే దిక్కు లేకపోయింది బిడ్డకి,” అని లాటూ అవ్వ ముక్కు చీదింది. చీది, జిగురు చేత్తోనే పక్కనున్న లూపే మోకాలు నిమిరింది. “ఊరుకోమ్మా, ఊరుకో.”

“నేను ఏడవట్లేదవ్వా,” అంది లూపే. “ఆయనకి పొద్దున్నే పొట్లం కట్టిచ్చి వచ్చాను.”

“నీ మొగుడి సంగతి కాదే తల్లీ. పుస్తకంలో వాడు.”

“మరి నన్నెందుకు ఓదారుస్తున్నావు?”

అవ్వ కాస్త ఆలోచించింది. “పక్కన ఉన్నావు గనక,” అంది.

బల్లకి అవతలి వైపు నించి వాసితి గొంతు లేచింది. వాసితి సాతెకికి పెదనాన్న కూతురు, అంటే అక్కే. ఊళ్ళో ఏ పనికైనా మొదట మాట్లాడేదీ, ఆఖర్న మాట్లాడేదీ ఆవిడే.

“ఏడవడానికి ఏముంది ఇందులో? సిగ్గుతో చావాలి గానీ. ఇంగ్లీషులో రాసుకుంది, రాసుకోనీ, తెల్లోళ్ళు చదువుకుంటారు. తమ్ముడు చదవగలిగే మాటల్లోకి తెస్తుందా? ఆ పదకొండో అధ్యాయం, ఆ బట్టలు తడవడాలూ, ఆ కుర్రాడూ... ఛీ!”

“జరిగేదే కదక్కా రాసింది,” అంది ఆకెసా. “మీకు తడవలేదా?”

“నాకూ తడిసింది. పోయి మా తమ్ముడికి చెప్పలేదు.”

అందరూ పకపకా నవ్వారు. నవ్వుతూనే రెండు జట్లయ్యారు. ఆ అక్క చేసింది తప్పని కొందరు, అంత ప్రేమ మనసులో పెట్టుకుని ఎన్నేళ్ళు ఊరుకుంటుందని కొందరు. ఒకావిడకి అక్క మీద ఏ కోపమూ లేదు, తమ్ముడి మీదే కోపం, నేనూ చదువుకుంటానని నోరు తెరిచి అడగొచ్చుగా అని. ఇంకొకావిడ పుస్తకం చదవలేదు, వినడం కూడా లేదు, తోమే పనిలో ఉంది, అయినా గట్టిగా వాసితి వైపే ఉంది. ఇంతలో వాసితి తమ్ముడు కేపు రంగు బానని భుజాన పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాడు. అంతే, హాలంతా గప్‌చుప్. ఆకెసా పుస్తకాన్ని బెరడు చుట్టల కిందకి తోసేసింది. కేపు బాన దించి, అందరి మొహాలూ చూశాడు.

“ఏంటి, ఎవరన్నా పోయారా?”

“ఎవరూ పోలేదు, నువ్వు పో ముందు,” అంది వాసితి.

పదకొండో అధ్యాయం చదవడానికి రెండు పూటలు పట్టింది అందుకే. సగం ఊరికి సగం ఊరు అక్కాతమ్ముళ్ళూ అన్నాచెల్లెళ్ళే. మగవాడి నీడ కనపడితే చదువు ఆగిపోవలసిందే.

లూపే దుంప రుద్దుతూనే ఉంది. అడుగుపొరకి ఎక్కడన్నా చిరుగు కనిపిస్తే చిన్న ముక్క చింపి, నాలుకతో తడిపి, అతికించి ముందుకు జరుగుతోంది. చేతులు పని మీదే ఉన్నాయి గానీ ఒళ్ళు మండిపోతోంది. పెళ్ళైన నాటి నించీ సాతెకి పొయ్యి వెలిగించింది ఆవిడ. మామగారి కుంటికాలికి చివరి ఏడాది నూనె రాసింది ఆవిడ. కూతుర్నీ కొడుకునీ కన్నది, తెలేసియా వచ్చినప్పుడల్లా మంచి చాప పరిచి ముందు తినండి వదినా అన్నది. పుస్తకంలో ఆ మనిషికి చోటు లేదు. బాగానో చెడ్డగానో రాసి ఉంటే పోట్లాడటానికైనా ఉండేది. లేనిదాని గురించి ఏమని పోట్లాడుతుంది?

పైగా ఇప్పుడు ఆవిడ చేతుల కింద సాగుతున్న ఈ బట్ట కూడా ఆ తెలేసియాకే. శనివారం నాడు కూతురు లవీనియాకి ఇరవై ఒకటి నిండుతున్నాయి. మేనత్త వచ్చి పెద్ద చాప మీద కూర్చోవాలి. మొదటి నారబట్ట, అన్నిటికన్నా పై అంతస్తు కేకు ఆవిడకి పోవాలి. మేనత్త లేని పండగ పండగ కాదు. ఆ చాప ఖాళీగా ఉంటే పిల్ల బతికినంతకాలమూ ఆ మాట మోస్తుంది.

బల్ల మీంచి అతికిన భాగాన్ని అవతలికి లాగుతున్నప్పుడు వాసితి వంగి లూపే చెవిలో అంది. “తెలేసియాకి వచ్చే మొహం ఉండదులే. నువ్వేం దిగులుపడకు. నేనూ మేనత్తనేగా. శనివారం నేను కూర్చుంటాను.”

లూపే లాగడం ఆపలేదు. ఆ మాట మాత్రం ఆవిడకి చెడ్డగా అనిపించలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం తెలేసియా ఆక్లండ్ నించి ఫోన్ చేసింది. ఎప్పుడైనా లూపేకే చేస్తుంది. తమ్ముడితో మాట్లాడితే వానలు పడ్డాయా, పెండలం ఎలా ఉంది, చలి ఎలా ఉంది, అంతవరకే. అంతకు మించిన మాట ఏదైనా లూపే మీదుగా రావాలి, లూపే మీదుగా పోవాలి.

“ఊళ్ళో గొడవగా ఉందట కదా,” అంది తెలేసియా.

“ఉంది వదినా. కొందరు ఏడుస్తున్నారు, కొందరు తిడుతున్నారు.”

“ఇక్కడా అంతే. ఒక పత్రికవాడు ఆకాశానికెత్తాడు. ఇంకొకడు ఆ తమ్ముడు మనిషిలా లేడు, దేవుడిలా ఉన్నాడు అన్నాడు. ఎవరేమన్నా నాకు అక్కర్లేదు లూపే. సాతెకి చదివాడా?”

“తెలీదు వదినా.”

“కనుక్కో. ఏమన్నాడో నాకు చెప్పు. నా వల్ల వాడికి తలవంపులైతే శనివారం నేను రాను. పిల్ల పండగలో జనం నన్నూ వాడినీ మార్చి మార్చి చూడటం నాకు ఇష్టం లేదు. వాడు రమ్మంటే వస్తాను.”

“అడిగి చెప్తాను,” అంది లూపే.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు గుమ్మంలోనే కూర్చుంది. ఇంత పని ఇంత తేలిక అవుతుందని ఆవిడ అనుకోలేదు. ఆయన ఏమీ అనలేదు వదినా, మొహం మాత్రం మాడ్చుకుని తిరుగుతున్నాడు అని ఒక్క ముక్క అంటే చాలు. అవునో కాదో తెలేసియా పోయి తమ్ముణ్ణి అడగలేదు. తమ్ముడూ వచ్చి అక్కకి చెప్పలేడు. పుస్తకంలో లేని మనిషి చేతిలోనే ఉంది మొత్తం వ్యవహారం.

బుధవారం పొద్దున్న భోజనం గంప పట్టుకుని ఆవిడ తోటకి నడిచింది. సాతెకి పండగకి పెద్ద దుంప తవ్వుతున్నాడు. పెద్ద దుంప విరక్కుండా పైకి రావాలి. విరిగినదాన్ని మేనత్త ముందు పెట్టడం నామర్దా. కొనదేరిన కర్రతో చుట్టూ మట్టి వదులు చేసి, కర్ర పక్కన పెట్టి, చంటిపిల్ల వీపు తోమినట్టు అరచేతులతో మట్టి తీస్తున్నాడు.

“అక్క ఫోన్ చేసింది,” అంది లూపే.

“చలి ఎలా ఉందట?”

“చలి సంగతి రాలేదు. నువ్వు పుస్తకం చదివావా అని అడగమంది.”

సాతెకి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మట్టి తీశాడు. “చదివాను.”

“ఎప్పుడయ్యా?”

“ఇక్కడే. ఇంట్లో ఎట్లా చదువుతాను, పిల్లలిద్దరూ తిరుగుతుంటే? అన్నాచెల్లెళ్ళు ఉన్న ఇంట్లో పెట్టుకునే పుస్తకమా అది?” తోటలో పనిముట్లు పెట్టుకునే పాక చూరు కేసి గడ్డం చూపించాడు. ప్లాస్టిక్ సంచీలో చుట్టిన పుస్తకం అక్కడ దోపి ఉంది.

“పదకొండో అధ్యాయం కూడానా?”

“దాటేశాను. మొదటి వాక్యం చూడగానే తెలిసిపోయింది. ఆ పేజీలన్నీ పట్టుకుని ఒక్కసారే తిప్పేశాను.”

“ఎలా ఉంది మరి?”

ఆయన వెనక్కి వాలి కూర్చుని చెమట తుడుచుకున్నాడు. మాటలు వెతుక్కునే మనిషి కాదు గానీ ఈసారి వెతుక్కున్నాడు. “బాగా రాసింది. నాన్న నడక ఉందే, అచ్చు అదే. చదువుతుంటే ఎదురుగా వస్తున్నట్టే ఉంది. ఒకటి మాత్రం తప్పు. మామిడి చెట్టు మీంచి పడింది నేను. తను పడ్డట్టు రాసుకుంది. చెయ్యి విరిగింది ఎవరికి?” అని వంకర మోచెయ్యి చాపి చూపించాడు. “ఆ సంగతి చెప్పు. బాగా రాసిందని చెప్పు. రమ్మను. తను లేకుండా పిల్ల పండగేంటి?”

“ఇంకేం లేదా?”

“ఇంకేముంది?”

“ఆఖర్న వాణ్ణి ఒంటరిగా కూర్చోబెట్టేసింది కదా. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు.”

“కథేగా,” అన్నాడు సాతెకి. మళ్ళీ గోతిలోకి వంగాడు.

లూపే నిలబడి ఆయన వీపు చూసింది. ఇంకొక్క మాట వస్తుందేమోనని చూసింది. అడిగి చెప్పించుకునే మాట కాదది. రాలేదు. ఆయనకి దుంప తప్ప ఇంకేమీ కనిపించట్లేదు. తెలేసియా మీద వచ్చినంత కోపమూ ఈయన మీదికి మళ్ళింది, కానీ భోజనం గంప చేతిలో పెట్టుకుని మొగుడి మీద ఎంతసేపు కోపంగా ఉండగలదు? గంప దించి, ఆకులు పరిచింది.

“గుడిసెలో మొదటి రాత్రి తెల్లవార్లూ ఏడ్చావని రాసింది. ఏడ్చావా?”

సాతెకి పెద్దగా నవ్వాడు. “ఏడవడమా! ఆ రాత్రి మా చిన్నాన్న కొడుకులు పాస్టరు గారి పుంజుని పట్టుకొచ్చారు. అరవకుండా దాని ముక్కు పట్టుకుంది నేనే. కాల్చుకుని బొమికలతో సహా తినేశాం. నా బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ లేను.”

“ఎప్పుడూ?”

“ఊఁ.”

“పెళ్ళినాడు కూడానా?”

“పెళ్ళినాడు బూట్లు కరిచాయి.”

లూపేకి కూడా నవ్వు వచ్చింది, ఆపుకుంది. “ఈ పుంజు సంగతి అక్కకి చెప్పనా?”

ఆయన నవ్వు చల్లారిపోయింది. “వద్దు. తను అంత బాధపడి రాసుకుంది. ఊరు ఊరంతా ఏడుస్తోంది. ఇప్పుడు పుంజు గింజు అంటే ఏం బాగుంటుంది? నా మాటగా ఆ సంగతి చెప్పొద్దు.”

రెండు చేతులూ గోతిలో పెట్టి దుంపని లేపాడు. ఎక్కడా విరగలేదు. ఒకవైపు లూపే పట్టుకుంటే ఇద్దరూ కలిసి ఆకుల మీదకి చేర్చారు.

*

బుధవారం సాయంత్రం ఆవిడ ఫోన్ చెయ్యలేదు. గురువారం పొద్దున్నా చెయ్యలేదు. అబద్ధం చెప్పాలని ఆవిడకి లేదు. నిజం చెప్పాలనీ లేదు. ఆడబిడ్డ అక్కడ ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చుని ఉంటుందని తెలుసు, కాసేపు కూర్చోనీ అనుకుంది. పుస్తకం పొడుగునా ఎదురుచూడటం గురించి అంత బాగా రాసిన మనిషికి ఎదురుచూడటం కొత్తేం కాదు.

అతికిన నారబట్ట చర్చి ఆవరణలో గడ్డి మీద పరిచి, నాలుగు అంచులా రాళ్ళు పెట్టారు. ఎండకి ఆరుతోంది. మసక గీతల మీద నల్లరంగు దిద్దే పని మిగిలింది. లూపే, వాసితి, లాటూ అవ్వ తలో పక్కా బోర్లా వంగి దిద్దుతున్నారు. వాసితి దిద్దేది తక్కువ, అడుగులు వేసి కొలిచేది ఎక్కువగా ఉంది.

“బాగా వచ్చింది. ఇందులో సగం మా పెద్దాడి పెళ్ళికి దాస్తాను. మిగతా సగం ఎవరికివ్వాలో తరవాత చూసుకోవచ్చు.”

“ఇంకా శనివారం రాలేదు వదినా,” అంది లూపే.

“వస్తుందిగా. తెలేసియా నించి ఫోన్ వచ్చిందా? రాదు. ఏ మొహంతో చేస్తుంది?” వాసితి కుంచె రంగులో ముంచి, గీత దిద్దుతూ, సరదాగా అంది. “నిజం చెప్పొద్దూ, ఆ పుస్తకంలో ఒక్కటి మాత్రం సరిగ్గా రాసింది. మా సాతెకి ఇంట్లో చెప్పుకోదగ్గ మనిషి ఎవరూ లేరని.”

అక్కకి తమ్ముడి పెళ్ళాన్ని ఎగతాళి చేసే హక్కు ఉంది. అందరూ చేస్తారు. లాటూ అవ్వ బోసినోటితో కిలకిలమంది. లూపే కూడా నవ్వింది. నవ్వి, చేతిలో గీత చివరిదాకా వంకర పోకుండా దిద్ది, కుంచె కడిగి, చేతులు కడుక్కుని, ఇంటికి పోయి ఫోన్ తీసింది.

ఆ పూట లూపే పెద్ద మనసు చేసుకుందని ఎవరన్నా అంటే నమ్మొద్దు. తను లేనట్టు ఊరుకున్న ఆడబిడ్డా, ‘నువ్వు లేవు’ అని మొహం మీదే చెప్పిన ఆడబిడ్డా, ఇద్దరే ఉన్నారు. పోనీ మొదటావిడని ఎందుకని నిలదీసి అడగొచ్చు. ఆవిడ వస్తేనే గదా అడగడం.

“రండి వదినా,” అంది. “చదివాడట. బాగా రాశావని చెప్పమన్నాడు. మామగారి నడక అచ్చు అలాగే ఉందట. మామిడి చెట్టు మీంచి పడింది మాత్రం తనేనట.”

అవతల తెలేసియా నవ్వింది. “ఆఖరి అధ్యాయం?”

“దాని గురించి ఏమీ అనలేదు.”

కథేగా అన్న ముక్క పక్కన పెడితే, అది నిజమే.

*

శనివారం తెలేసియా వచ్చి పెద్ద చాప మీద కూర్చుంది. నల్లబట్టల మీద నడుముకి, పండగ మర్యాదగా, పాత చాప చుట్టుకుంది, వాళ్ళ అమ్మది. పందిట్లోకి నడుస్తుంటే అటు సగం మంది ప్రేమగా చూశారు, ఇటు సగం మంది తలలు తిప్పుకున్నారు. ఆవిడ రెండు వైపులా ఒకేలా తలూపింది. గుంటపొయ్యి దగ్గర చొక్కా లేకుండా నిలబడి పందిని కోయిస్తున్న సాతెకి అక్కని చూడగానే చొక్కా తొడుక్కుని, దూరంగానే తల వంచాడు.

“వచ్చావా?”

“వచ్చాను. పెండలం బాగా పండిందట.”

“పండింది. అక్కడ చలి ఎలా ఉంది?”

“ఉంది.”

అంతే మాటలు. ఆకెసా పందిరి గుంజ పక్కన నిలబడి కళ్ళు తుడుచుకుంది. ఇదంతా పుస్తకంలో ఉన్నట్టే ఉందని ఆవిడకి అనిపించింది.

పాస్టరు ప్రార్థన అయ్యింది. లవీనియా తెల్లబట్టల్లో వచ్చి మేనత్త కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆడవాళ్ళు నారబట్టని పొడుగునా పట్టుకుని తెచ్చి ఆవిడ ముందు పరిచారు. వాసితి కూడా ఒక అంచు పట్టుకుంది. మొహం చిట్లించుకునే పట్టుకుంది గానీ, అంచు నేలకి తగలనివ్వలేదు. పై అంతస్తు కేకు వచ్చింది, విరగని దుంప వచ్చింది. అందరి ముందూ జరగాల్సినవన్నీ సవ్యంగా జరిగిపోయాయి.

భోజనాల తరవాత తెలేసియాని లోపలి గదిలో చాప వేసి కూర్చోబెట్టారు. లూపే పళ్ళెం పట్టుకుని వెళ్ళింది. బయట కుర్రాళ్ళు గిటార్లు సవరిస్తున్నారు.

“తలుపు దగ్గరికి వెయ్యి,” అంది తెలేసియా. “ఇప్పుడు చెప్పు. వాడు నిజంగా ఏమన్నాడు? పత్రికలు చూశాను, వాసితి మొహం చూశాను. ఒకళ్ళు బంగారం అంటారు, ఒకళ్ళు బురద అంటారు. నాకు కావల్సింది వాడొక్కడి మాట. ఆఖరి అధ్యాయం చదివి ఏమన్నాడు?”

“కథేగా అన్నాడు.”

“అంతేనా?”

“అంతే.” లూపే పళ్ళెం పట్టుకునే నిలబడి ఉంది. అడగాలని వారం రోజులుగా మనసులో తిప్పుకున్న మాట, ఎంతో పొందిగ్గా కూర్చుకున్నది, నోటికి వచ్చేసరికి మొండిగా వచ్చింది. “అందులో నేనెందుకు లేను వదినా?”

తెలేసియా ఆవిడ మొహంలోకి చూసింది. తప్పించుకోలేదు.

“రాశాను. వాడికి ఒక పెళ్ళాన్ని పెట్టి రాశాను. తీసేశాను. మళ్ళీ రాశాను. నోరు తెరిస్తే ‘ఆయన ఇలా అన్నాడు’ అంటుంది, అంతకు మించి ఒక్క ముక్క రాదు. ఫోన్లో నువ్వు అనేది అదే కదా. ఆయన రమ్మన్నాడు, ఆయన అడగమన్నాడు. నువ్వేమంటావో నేనెప్పుడూ వినలేదు. తెలియని మనిషిని ఎట్లా రాయను? తీసేస్తే పుస్తకం తేలికపడింది.”

“ఎప్పుడన్నా నన్ను అడిగారా, నువ్వేమంటావని?”

“లేదు,” అంది తెలేసియా. “అడగలేదు.”

ఆవిడ క్షమించమంటుందేమో, తను ఏడుస్తుందేమో అని లూపే అనుకుని వచ్చింది. ఆ రెండూ జరగలేదు. కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆవిడ చెప్పిన దాంట్లో నిజం ఉంది, అది మరీ కష్టంగా ఉంది. పళ్ళెం కింద పెట్టింది.

“అయితే ఇప్పుడు వినండి. నాకు ఆ పుస్తకం నచ్చలేదు.”

తెలేసియా పళ్ళెం పక్కకి జరిపింది.

“గుడిసెలో ఎవరూ ఏడవలేదు వదినా. ఆ రాత్రి మగపిల్లలంతా కలిసి పాస్టరు గారి పుంజుని కాల్చుకు తిన్నారు. ఆయన బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ లేడు. గోడకి ఇవతల పడుకుని మీరు ఏడ్చారు. ఏడ్చింది మీరు. ఆ ఏడుపు తీసుకెళ్ళి ఆయన కళ్ళల్లో పెట్టారు. ఆయన్ని ఆఖర్న ఒంటరిగా కూర్చోబెట్టిందీ అందుకే. మీరు అక్కడ ఒంటరిగా ఉన్నారు గనక.”

బయట పాట మొదలైంది. తెలేసియా చేతులు ఒళ్ళో కదలకుండా ఉన్నాయి. ఆవిడ మొహం పాలిపోయింది. ఆవిడ వయసు ఎంతో లూపేకి అప్పుడే కనిపించింది. అన్నందుకు భయం వేసింది గానీ, అన్న మాట వెనక్కి తీసుకోవాలని అనిపించలేదు.

“ఇలా చెప్పమన్నాడా వాడు?”

“చెప్పొద్దన్నాడు. ఇది నా మాట.”

తెలేసియా తల ఎత్తింది. “పుంజుని పట్టుకున్నది ఎవరు?”

“పట్టుకొచ్చింది చిన్నాన్న గారి పిల్లలు. అరవకుండా ముక్కు పట్టుకుంది మీ తమ్ముడు.”

తెలేసియా ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. నవ్వు అది. నవ్వుతూనే అరచేతులతో మొహం కప్పుకుంది, భుజాలు కదిలాయి, తరవాత అది నవ్వో కాదో లూపేకి తెలియలేదు. చేతులు తీసేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“ఇన్నేళ్ళూ,” అంది. “ఇన్నేళ్ళూ నేను...” ఆ వాక్యం ముగించలేదు. చాప మీద ఒక పక్కకి జరిగింది.

అప్పుడే టీ కప్పులు పట్టుకుని వాసితి తలుపు తోసింది. మేనత్త చాప మీద ఖాళీ అయిన చోటు కేసీ, లూపే కేసీ చూసింది. ఆ చాప మీద తమ్ముడి పెళ్ళాం కూర్చోవడం వాళ్ళ ఇంటా వంటా లేదు. వాసితి కప్పులు గుమ్మంలోనే దించేసింది.

“కూర్చో లూపే,” అంది తెలేసియా. “ఇంకా ఏమేం నచ్చలేదు?”

లూపే కూర్చుంది. మోకాళ్ళ మీద బట్ట సర్దుకుంది.

“చాలా ఉన్నాయి,” అంది.